ముసలి మామిడి తోట తీయించడానికి ఏ బండిని పిలవాలి?

నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో కాపు తగ్గిన మామిడి తోటలను తీసివేసి కొందరు పామాయిల్ వేస్తున్నారు, మరికొందరు మళ్లీ మామిడినే దగ్గర దగ్గరగా నాటుతున్నారు. మా కుటుంబానికి ఉన్న పాత బంగినపల్లి, చిన్నరసాల తోటలో కొంత భాగాన్ని తీయించవలసి వచ్చినప్పుడు ఎవరిని సలహా అడిగినా ముందుగా వచ్చిన మాట ఒక్కటే: "గంటకు ఎంత తీసుకుంటున్నాడు?" గంట కిరాయి ముఖ్యమే గాని, అది చివర అడగవలసిన ప్రశ్న. చెట్టును పడగొట్టడం ఏ బండికైనా చేతనవుతుంది. నేలలో మిగిలే మోడును, దాని చుట్టూ అల్లుకున్న వేర్లను తీయడమే అసలు పని. ఆ మోడు ఎంత లోతున ఉంది, అది ఏ నేలలో ఉంది, అదే చోట రేపు ఏమి నాటబోతున్నాం అన్న మూడు విషయాలు తేలితే ఏ యంత్రం కావాలో దాదాపుగా తేలిపోయినట్టే.

అంతకంటే ముందు, చెట్టును తీయవలసిన అవసరం నిజంగా ఉందా అని చూసుకోవాలి. కాండం గట్టిగా ఉండి, కొమ్మలు మాత్రం ఆకాశానికి ఎగబాకి లోపల వెలుతురు పడని చెట్టయితే, డిసెంబరు, జనవరి నెలల్లో పెద్ద కొమ్మలను తగ్గించి కోసి, కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూసి, వచ్చిన కొత్త చిగుళ్లలో బలమైన వాటిని మాత్రమే ఉంచితే రెండు మూడేళ్లలో తిరిగి కాపుకు వస్తుంది. లక్నోలోని కేంద్ర ఉపఉష్ణ మండల ఉద్యాన పరిశోధన సంస్థ చాలా కాలంగా ప్రచారం చేస్తున్న పద్ధతి ఇది. దీనికి చైన్‌సా ఒక్కటి చాలు. మేము తోటంతా తిరిగి, కాండం తొలిచే పురుగు పట్టి మొదట్లో రంపపు పొట్టు రాలుతున్న చెట్లకు, గొడ్డలి వెనక వైపుతో తడితే డొల్లగా మోగిన చెట్లకు సున్నపు గుర్తు వేశాం, మిగిలినవాటిని ఉంచుకున్నాం. పురుగు పట్టిన కాండాన్ని తోటలోనే పడవేస్తే లోపలి పురుగు పెరిగి పక్క చెట్లకు చేరుతుంది కనుక, అటువంటి దుంగలను వెంటనే పొలం దాటించాలి.

రెండో ముందస్తు పని కాగితం పని. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద, చెట్టు సొంత భూమిలోనే ఉన్నా కొట్టడానికి అనుమతి కావాలి, కొన్ని జాతులకు మాత్రం మినహాయింపు ఉంది. తోటలో ఉన్న జాతులన్నిటి పేర్లూ రాసుకుని, గట్టు మీద ఉన్న వేప, టేకు, నేరేడులతో సహా, అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. కలపను లారీకి ఎత్తాక దారిలో ఆపితే జరిగే ఆలస్యానికి బండి కిరాయి, కూలి రెండూ మన మీదే పడతాయి.

ఇక అసలు విషయం. మా వైపు సాధారణంగా జరిగేది ఏమిటంటే, కలప అడితి వ్యాపారి వచ్చి తోట మొత్తానికి గుత్త బేరం కుదుర్చుకుంటాడు, తన మనుషులతో చెట్లను నేలమట్టానికి కోయిస్తాడు, దుంగలను, కట్టెను ఎత్తుకుని వెళ్తాడు. మామిడి కలప పెట్టెలకు, ప్లైవుడ్‌కు పోతుంది, వంపు తిరిగినదీ సన్నదీ ఇటుక బట్టీలకు, జంగారెడ్డిగూడెం వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు కట్టెగా పోతుంది. రైతుకు చేతిలో డబ్బు పడుతుంది, పొలంలో మోళ్లు మిగులుతాయి. ఆ తరువాత రైతు బండిని పిలుస్తాడు. ఈ వరసే ఖర్చును పెంచుతుంది. నేల మట్టానికి కోసేసిన మోడుకు పట్టు ఉండదు, బండి దాని చుట్టూ గుంత తవ్వి, ఒక్కొక్క పక్కవేరునూ తెంపి, కింద నుంచి ఎత్తవలసి వస్తుంది. అదే చెట్టుకు కొమ్మలు దించి, కాండాన్ని ఆరేడు అడుగుల ఎత్తున నిలబెట్టి ఉంచితే, పై చివరన నెట్టినప్పుడు ఆ కాండమే మీటగా పనిచేసి వేర్లను తానే పెకలిస్తుంది. బండి పడే శ్రమలో సగాన్ని చెట్టు పొడవే తీసుకుంటుంది.

మా తోటకు వచ్చిన ఆపరేటరు ఈ మాటను ఒక్క ముక్కలో చెప్పాడు: "మొద్దు ఉంచండి సార్, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా." మా బాబాయిగారికి మాత్రం ఇది రుచించలేదు. "అడితి ఆయన నేలమట్టానికి కోస్తేనే ఆ రేటు ఇస్తానన్నాడురా, అడుగు కలప వదులుకోవడం ఎందుకు?" అన్నారు. ఆయన మాటలోనూ నిజముంది, అడుగు భాగమే లావైన కలప. అయితే కలప పోదు, ఆలస్యమవుతుంది అంతే: పెకలించి పడవేసిన తరువాత, వేరు గడ్డ పైన కోసి ఆ దుంగను కూడా అడితికే ఇవ్వవచ్చు. వ్యాపారితో బేరం చేసేటప్పుడే రెండు విడతలుగా కోత ఉంటుందని, మొదట కొమ్మలు, పెకలించాక కాండం అని మాట తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. మట్టి అంటిన దుంగను కోస్తే రంపం చైన్ పళ్లు మొద్దుబారతాయని అతను కొంత గొణుగుతాడు. కోత పడే చోట మట్టిని పారతో గీకి ఇస్తే ఆ గొణుగుడూ ఆగుతుంది.

ఇప్పుడు బండ్ల సంగతి. ఊరూరా దొరికేది జేసీబీ, అంటే ముందు పెద్ద తొట్టి, వెనక తవ్వే చేయి ఉండి టైర్ల మీద నడిచే బండి. బరువు 8 టన్నులకు కాస్త అటూ ఇటూ, ఇంజను శక్తి 75 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉంటుంది. రోడ్డు మీద తానే నడిచి వస్తుంది కనుక ట్రెయిలరు ఖర్చు లేదు, మోడు తీసిన తరువాత ముందు తొట్టితో గుంత పూడ్చి చదును కూడా చేస్తుంది. బత్తాయి, నిమ్మ, జామ, ముప్పై ఏళ్ల లోపు అంటు మామిడి అయితే దీన్ని మించిన బండి అవసరం లేదని నా అభిప్రాయం. అయితే మూడడుగుల మందం దాటిన కాండం దగ్గర దీని బలహీనత బయటపడుతుంది. తవ్వేటప్పుడు వెనక కాళ్లు దించుకోవాలి, పక్కకు జరగాలంటే మళ్లీ ఎత్తుకోవాలి, వెనక చేయి అర్ధచంద్రాకారంలోనే తిరుగుతుంది కనుక ఒక్క మోడు చుట్టూ మూడు నాలుగు సార్లు చోటు మారవలసి వస్తుంది. గంట మీటరు మాత్రం ఆగదు. పట్టు చాలక ముందు చక్రాలు గాలిలోకి లేవడం నేను చూశాను. ఆ స్థితిలో ఆపరేటరు పంతానికి పోతే బండికీ మనిషికీ ప్రమాదమే.

మా వైపు హిటాచీ అనీ ప్రొక్లెయిన్ అనీ పిలిచే, టైర్లకు బదులు ఇనుప పట్టాల మీద నడిచే చైన్ బండి రెండో దారి. వీటిలో 7 టన్నుల చిన్నవాటి నుంచి 20 టన్నుల తరగతి దాకా కిరాయికి దొరుకుతాయి. 20 టన్నుల బండికి 130 నుంచి 150 హార్స్‌పవర్ దాకా ఉంటుంది, పై భాగం చుట్టూ పూర్తిగా తిరుగుతుంది, చేయి చాస్తే 30 అడుగుల దూరం అందుతుంది. ఒక్క చోట నిలబడి మోడు చుట్టూ పని పూర్తి చేయగలగడమే దీని అసలైన లాభం. మా తోటలో అన్నిటికంటే లావైన చిన్నరసం చెట్టు దగ్గర ఆపరేటరు చేసిన పని నాకు బాగా గుర్తుంది. ముందు బకెట్ పళ్లతో కాండానికి నాలుగడుగుల ఎడంగా మూడు వైపులా గాడి తీసి పక్కవేర్లు తెంపాడు, నాలుగో వైపు తాకలేదు. తరువాత గాడి లేని వైపుకు చెట్టు ఒరిగేటట్టు బకెట్ వీపును కాండం పై చివర ఆనించి నెమ్మదిగా నెట్టాడు. రెండు మూడు సార్లు నెట్టి వదిలాక నేల లోపల గుడ్డ చించినట్టు చప్పుడు వరసగా వినిపించింది, ఎర్రమట్టి పళ్లెంలా పైకి లేచింది, మణికట్టు లావు వేరొకటి చివరిదాకా పట్టుకుని ఉండి తెగింది. పడిన మోడును ఎత్తి రెండు సార్లు నేలకు కొట్టి మట్టి దులిపాకే పక్కన పెట్టాడు. ఆ దులపడం చిన్న విషయం కాదు, ఒక్కొక్క మోడుతో పాటు పొలం దాటిపోయే పైమట్టి మళ్లీ తిరిగి రాదు.

బరువైన బండి నేలను తొక్కి పాడుచేస్తుందని చాలామంది భయపడతారు. బరువు ఒకటే చూస్తే ఆ భయం సబబే గాని, చైన్ బండి బరువు వెడల్పాటి పట్టాల మీద పరుచుకుంటుంది, చదరపు సెంటీమీటరుకు సుమారు అర కిలో ఒత్తిడి మాత్రమే పడుతుంది. దానిలో సగం కూడా బరువు లేని టైరు బండి, నేల తడిగా ఉన్నప్పుడు, అంతకంటే లోతుగా దిగబడుతుంది. చైన్ బండి చేసే హాని వేరు: ఉన్న చోటనే గిరగిర తిరిగితే పట్టాలు పైమట్టిని కోసుకుపోతాయి. అందుకే సాలు వెంట నేరుగా పోయి, చివరన తిరిగి, పక్క సాలులో వెనక్కి రమ్మని ముందే చెప్పాలి.

ముందు బ్లేడుతో నెట్టుకుంటూ పోయే డోజరు గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. వరసగా నెట్టుకుంటూ పోవడంలో దానికి సాటి లేకపోవచ్చు, అడవి కంపను తీయడానికి సరే. తోట భూమికి మాత్రం నేను వద్దంటాను. దాని బ్లేడు మోడుతో పాటు అరడుగు పైమట్టిని కూడా గట్టు మీదికి తోసేస్తుంది, ఏళ్ల తరబడి ఆకు రాలి, పెంట పడి తయారైన మట్టి అది.

ట్రాక్టరుకు గొలుసు కట్టి మోడును లాగడం చాలా ఊళ్లలో చూస్తాం, దీన్ని గురించి ఒక్క మాటే చెబుతాను, చేయకండి. మోడు కదలకపోయి, గొలుసు వెనక ఇరుసు కంటే ఎత్తున కట్టి ఉంటే, ట్రాక్టరు ముందు భాగం లేచి డ్రైవరు మీదికి వెనక్కి తిరగబడుతుంది, దూకే సమయం కూడా ఉండదు. ట్రాక్టరుకు తగిన పని దుంగలు మోయడం, పెకలించిన తరువాత దున్నడం.

కోత యంత్రం ఎంపికలో నా సలహా రెండు చైన్‌సాలు ఉంచుకోమని. కొమ్మలకు తేలికైనది, కాండానికి 60 సీసీ పైబడిన, 20 అంగుళాలు లేదా అంతకు మించిన బార్, అంటే చైన్ తిరిగే పొడవాటి పట్టీ, ఉన్నది. 20 అంగుళాల బార్‌తో రెండు వైపుల నుంచి కోస్తే మూడడుగుల దాకా మందాన్ని కోయవచ్చు. ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు కనుక ఆయిల్ కలపని పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. 50కి 1 పాళ్లు అని రాసి ఉన్న యంత్రానికి లీటరుకు 20 మిల్లీలీటర్లు కలపాలి. చైన్ ఆయిల్ వేరు, దాని ట్యాంకు వేరు. బార్ కొనతో కోయబోతే యంత్రం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది కాబట్టి కోసే మనిషి దానికి అలవాటు పడినవాడై ఉండాలి, కంటికి అద్దాలు, కాలికి బూట్లు లేకుండా ఎవరినీ చెట్టు ఎక్కనివ్వకూడదు. చెట్టు మీద తేనెతుట్టెలు, గూళ్లు ముందురోజే చూసుకోవడం మరవద్దు. మా దగ్గర ఆపరేటరు కంటే ముందు తేనెటీగలే పని ఆపించాయి.

మోడును నేలలోనే పొట్టు చేసే స్టంప్ గ్రైండరు గురించి వీడియోలు చూసి అడుగుతున్నవాళ్లు ఉన్నారు. ఇంటి ముందు ఒక్క చెట్టు ఉంటే అది బాగుంటుంది, ఎందుకంటే పునాదిని కదిలించకుండా అడుగు లోతు దాకా తినేస్తుంది. తోటకు అది చాలదు, కింద వేర్లన్నీ అలాగే ఉంటాయి, గుంత తీసే ఆగర్ వాటికి తగిలి ఆగిపోతుంది. కొమ్మలను ముక్కలు చేసే ట్రాక్టరు శ్రెడ్డరు మాత్రం అద్దె యంత్రాల కేంద్రంలో దొరికితే తప్పక వాడదగినది, మూడు నాలుగు అంగుళాల లావు కొమ్మల దాకా నమిలేస్తుంది, తగలబెట్టే పొగ తప్పుతుంది. కాలిఫోర్నియాలో ముసలి బాదం తోటలను చెట్టుకు చెట్టు మొత్తం ముక్కలు చేసి ఆ పొలంలోనే పరిచి దున్నేస్తున్నారు. అక్కడి అనుభవం ప్రకారం కుళ్లే కట్టె నేలలోని నత్రజనిని పట్టేస్తుంది కనుక కొత్త మొక్కలకు మొదటి ఏడాది నత్రజని ఎక్కువ ఇవ్వాలి. మన దగ్గర కట్టెకు కొనేవాడు ఉన్నంతకాలం లావు దుంగను పొట్టు చేయడంలో అర్థం లేదు, సన్నకొమ్మలకు మాత్రం ఆ పద్ధతే సరైనది.

తోట మారితే యంత్రమూ మారుతుంది. కొబ్బరికి, పామాయిల్‌కు తల్లివేరు ఉండదు, మొదట్లో గుబురుగా దారాల వంటి వేర్లే ఉంటాయి కనుక నెట్టితే తేలికగానే పడతాయి. వాటి కష్టం పడిన తరువాత మొదలవుతుంది. కుళ్లే మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, మొదలును కుళ్లబెట్టే గానోడెర్మా తెగులు పట్టిన మొదలు నేలలో ఉంటే పక్క చెట్లకు పాకుతుంది, అందుచేత ముక్కలు చేయగల, ఎత్తిపెట్టగల బండి కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం వైపు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చిన తరువాత అవసరమైన పని కూడా అదే. పడిపోయి ఒకదాని మీద ఒకటి ఒరిగిన చెట్లలో బిగిసి ఉన్న కొమ్మ కోయగానే ఎగిరి కొడుతుంది కనుక, అక్కడ ముందుగా చైన్ బండితో ఎత్తి విడదీసి, తరువాతే రంపం పెట్టాలి.

ఇప్పుడు కిరాయి లెక్కకు వద్దాం. పది మీటర్ల ఎడంతో నాటిన పాత తోటలో ఎకరానికి 40 చెట్లు ఉంటాయి. గంటకు 1,200 రూపాయల బండి గంటకు రెండు మోళ్లు తీస్తే మోడుకు 600 పడుతుంది, గంటకు 2,400 బండి ఆరు తీస్తే 400 పడుతుంది. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే గాని, అడగవలసిన రేటు మోడుకు ఎంత పడుతుందన్నదే. చైన్ బండి ట్రెయిలరు మీద వస్తుంది, ఆ రానుపోను ఖర్చు ఒకటి రెండు ఎకరాలకు గిట్టదు. పక్క రైతుతో కలిసి ఒకేసారి పిలిపిస్తేనే గిట్టుతుంది. డీజిల్ ఎవరిది, కనీసం ఎన్ని గంటలు కట్టాలి, ఆపరేటరు బత్తా ఎవరిస్తారు, బండి చెడితే మీటరు ఆగుతుందా అన్నవి ముందే మాట్లాడుకుని, పని మొదలయ్యేటప్పుడు మీటరు రీడింగును ఫోనులో ఫోటో తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, గుంత పూడ్చడం, వేర్లు ఏరడం బేరంలో ఉన్నాయో లేదో తేల్చుకోవడం. మాకు తెలిసిన ఒకాయన తోటలో బండి వాళ్లు మోళ్లు పెకలించి, గుంతలు అలాగే వదిలి వెళ్లిపోయారు, పూడ్చడానికి ఇంకో బండి పిలవవలసి వచ్చింది.

కాలం విషయానికి వస్తే, మామిడికాయ కోతలు అయిపోయిన తరువాత తొలకరి ఒకటి రెండు మంచి వానలు పడి, పైతడి కాస్త ఆరిన రోజులు మా ఎర్ర ఇసుక నేలలకు అనువైనవి. మే నెలలో ఆ నేల రాయిలా బిగిసి వేరు మధ్యలోనే తెగిపోతుంది, నడి వానాకాలంలో గుంతల్లో నీరు నిలుస్తుంది. నల్లరేగడి అయితే వాన పడ్డాక బండిని దించే మాటే పెట్టుకోకూడదు, పొలం పూర్తిగా ఆరే దాకా ఆగాలి. భూమిలో వేసిన నీటి పైపులు, బోరు కేబులు ఉన్న చోట సున్నంతో గీతలు గీసి, ఆపరేటరును వెంటబెట్టుకుని చూపించాలి. పైన కరెంటు తీగలు ఉంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించిన తరువాతే ఆ సాలు ముట్టుకోవాలి.

మోళ్లు లేచాక గుంత తీరు చూసి పూడ్చడం మొదలుపెట్టాం. అడుగునుంచి వచ్చిన సున్నపు గుల్ల మట్టి ముందు, పైమట్టి తరువాత వెయ్యాలి, తొందరలో ఆపరేటర్లు దీన్ని తిరగేస్తారు కాబట్టి దగ్గర మనిషి ఉండాలి. మూడడుగుల లోతు దాకా వేర్లు ఏరించి, పెద్ద నాగలితో దున్నించి, పైకి వచ్చిన వేరుముక్కలను కూలీలతో మరోసారి ఏరించాం. పూడ్చిన గుంతలు ఒక వానాకాలం కుంగుతాయి గనుక ఈ ఏడాది పొలమంతటా పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి కలియదున్నుతున్నాం. కొత్త మొక్కలకు 5 మీటర్ల ఎడం పెట్టుకున్నాం, ఎకరానికి 160 వస్తాయి, వాటి సాళ్లను పాత చెట్ల గుంతలకు తగలకుండా మధ్య ఖాళీలోకి జరిపి ముగ్గు వేయించాం.